పోటు తెలియని వాడి రెండో ప్రయాణం

పోయిన ఏడాది ఇదే పత్రికలో, విశాఖ దగ్గర సముద్రపు రాళ్ళ మీద నిలబడి లూర్లతో చేపలు పట్టిన ఒక రోజు గురించి రాశాను. ఆ వ్యాసం దాచుకుని, ఎప్పటికైనా అలా వెళ్ళాలనుకుంటున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి దాన్ని పక్కన పెట్టి ఇది చదవండి. అందులో ఒక తప్పు ఉంది. ఒక దాపరికం కూడా ఉంది.

తప్పు ముందు చెబుతాను. మాది ఏలూరు. కలిదిండి వైపు చేపల చెరువుల మీద ఇరవై ఆరేళ్ళుగా సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఆదివారం పూట కొల్లేటి డ్రెయిన్ల గట్ల మీద రబ్బరు కప్ప విసిరి కొరమేనుని రప్పించడం నా సరదా. లూరంటే అదే, ప్రాణం లేని ఎర. సముద్రానికైతే చేపపిల్ల ఆకారంలో లోహపు ముక్క వాడతారు. దాన్ని దూరంగా విసిరి రీలు తిప్పుతూ లాగుతుంటే, పారిపోతున్న పిల్ల అనుకుని పెద్ద చేప వెంటపడుతుంది. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియనిది నీళ్ళ సంగతి. కొల్లేరు వానలకి నిండి వేసవికి తగ్గుతుంది. చెరువులో నీరు పెరగాలంటే ఎవరో ఒకరు వెళ్ళి మోటారు వేయాలి. ఆ బుర్రతోనే సముద్రం దగ్గరికి వెళ్ళాను. ఆటుపోట్లు అన్న మాట నేనూ వాడేవాణ్ణి, బతుకులోని కష్టసుఖాల గురించి.

ఆ రోజు ఉదయం ఆరున్నరకి చీలమండల లోతు నీరు దాటి, ఒడ్డుకి కాస్త దూరంలో ఉన్న పెద్ద రాయి ఎక్కాను. పదకొండున్నరకి దిగాను. “ఆరున్నరకి ఎక్కండి, పదకొండున్నర దాకా నిశ్చింతగా ఉండవచ్చు” అని రాశాను, బస్సుల వేళలు రాసినట్టు. అది ఆ ఒక్క రోజు లెక్క. నీరు రోజుకి రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది; ఎక్కితే పోటు, దిగితే ఆటు. ఆ వేళ ప్రతిరోజూ సుమారు ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతుంది. ఆ ముక్క నా వ్యాసంలో లేదు.

ఇక దాపరికం. పదకొండున్నరకి నేనంతట నేను దిగలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు దిగిపొమ్మని మూడుసార్లు కేకేశారు. నేను నవ్వుతూ చెయ్యి ఊపాను. నాలుగోసారి ఆయనే నడుంలోతు నీళ్ళలోకి వచ్చి, చొక్కా పట్టుకుని నన్ను దింపారు. వ్యాసంలో మాత్రం “నీరు పెరగడం గమనించి వెనుదిరిగాను” అని రాసుకున్నాను. యాభై దాటినవాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చారంటే చదివేవాళ్ళు ఏమనుకుంటారోనని.

వ్యాసం వచ్చిన రెండు నెలలకి పత్రికవారి ద్వారా ఒక ఉత్తరం అందింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. భీమడోలు నుంచి దేవరత్నం అనే రిటైర్డ్ సైన్సు మాస్టారు రాశారు. “మీరు రాసిన వేళకే వెళ్ళాను. మీరు చెప్పినట్టే చీలమండల లోతు నీరు దాటి రాయి ఎక్కాను. మీకు నీరు దిగింది, నాకు ఎక్కింది. కారణం తెలిస్తే తెలియజేయగలరు. కుడిచెయ్యి విరగడం వల్ల ఎడమచేత్తో రాస్తున్నాను, మన్నించాలి.”

మర్నాడే భీమడోలు వెళ్ళాను. ఆయన వెళ్ళింది అమావాస్య మర్నాటి ఆదివారం. నేను ఎక్కినప్పుడు చీలమండల దగ్గర ఉన్నది వెళ్ళిపోతున్న నీరు. ఆయన ఎక్కినప్పుడు ఉన్నది వస్తున్న నీరు. లోతు ఒకటే. ఎనిమిది దాటేసరికి రాయి చుట్టూ నీరు మూసుకుంది. కెరటం కొట్టి పడిపోతే మణికట్టు విరిగింది, మోకాలు చిప్ప దగ్గర చీరుకుపోయింది. రాడ్డు కొట్టుకుపోయింది. చేపలు అమ్మి తిరిగొచ్చిన జాలరి ఒకాయన తెప్ప వేసుకుని వెళ్ళి తీసుకొచ్చారట.

నేను తలవంచుకుని కూర్చుంటే మాస్టారే ఓదార్చారు. “చంద్రుడు, ఆటుపోట్లు అన్న పాఠం ముప్పై ఏళ్ళు ఏడో తరగతికి చెప్పానండి. ఎక్కడో ఉన్న సముద్రం గురించి అనుకుని చెప్పాను.”

ఆయన భార్య సుగుణమ్మ గారు మాత్రం కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, “మళ్ళీ ఏం రాద్దామని వచ్చారండీ?” అన్నారు.

కట్టు విప్పాక కూడా మాస్టారు గాలం పట్టలేదు. ఇంటి వెనక కాలవ గట్టుకి కూడా వెళ్ళడం మానేశారని తెలిసి చాలాసార్లు ఫోను చేశాను. చివరికి ఈ శీతాకాలంలో ఆయనే అన్నారు: “ఒకసారి ఆ రాయి దగ్గరికే తీసుకెళ్ళండి. ఎక్కి, పొడికాళ్ళతో దిగితే సరే. లేదంటే ఉన్న రాడ్లన్నీ మీకిచ్చేస్తాను, ఇక ఆ మాట ఎత్తొద్దు.” ఈ ప్రయాణం అందుకు.

శుక్రవారం ఉదయం పదింబావుకి ఏలూరులో రైలెక్కాను. రెండు సీట్లు ముందే రిజర్వు చేశాను. మాస్టారి తమ్ముడిది తాడేపల్లిగూడెం. ముందురోజే అక్కడికి వెళ్ళి, పదకొండు దాటాక గూడెంలో ఎక్కారు. భుజాన సంచి, చేతిలో రాడ్డు పెట్టుకునే గొట్టం, ఇంకో చేతిలో స్టీలు క్యారేజీ. సుగుణమ్మ గారు దిబ్బరొట్టి పంపారు, ముక్కలుగా కోసి, పైన ఆవకాయ నూనె వేసి.

“మీకు కూడా పెట్టమంది. కోపం తగ్గినట్టే” అన్నారు మాస్టారు.

సంచిలోంచి ఒక గోడ క్యాలెండరు తీశారు. తిథులు, వర్జ్యాలు ఉన్నది. “మా ఇంట్లో ఎప్పుడూ చర్చి క్యాలెండరే ఉండేదండి. ఇది కొని వంటింట్లో తగిలించాను. ఈ వయసులో తిథులు చూస్తున్నారు, పాస్టరు గారు వస్తే ఏం చెప్పమంటారని మా ఆవిడ గోల. చేపల కోసమని చెప్పు, ప్రభువు శిష్యులు కూడా జాలర్లే కదా అన్నాను.”

రేపు దశమి. ఆ ఒడ్డునున్న జాలర్ల పేటవాళ్ళకి గడియారం కంటే తిథే లెక్క అని ఈ మధ్యలో ఇద్దరం తెలుసుకున్నాం. అమావాస్య, పౌర్ణములకి పొద్దున్న నిండు పోటు, అష్టమీ దశముల మధ్య పొద్దున్న ఆటు. అందుకే ఆ రోజు ఎంచుకున్నాం.

నేను బయలుదేరినప్పుడే అనుకున్నాను, చొక్కా సంగతి మాస్టారికి రైల్లోనే చెప్పెయ్యాలని. నిడదవోలు దాటాక చెబుదామనుకున్నాను. ఆయన రొట్టి ముక్క చేతిలో పెట్టారు. గోదావరి వంతెన మీద చెబుదామనుకున్నాను. ఆయన కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నారు. రాజమండ్రిలో ఎదుటి సీట్లోకి ఒకావిడ గులాబీ మొక్కల బుట్టతో వచ్చి కూర్చుంది. మా గొట్టాలు చూసి, “ఏవండీ, అవి దోమతెర కర్రలాండీ?” అంది.

“గాలాలమ్మా. ఏలూరు వైపు వాళ్ళం, విశాఖ సముద్రంలో చేపలు పడదామని” అన్నారు మాస్టారు.

“ఏలూరు నుంచి అంత దూరం పోతున్నారా చేపలకి? కొల్లేట్లో అయిపోయాయా?”

మా బోగీలో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. తుని వచ్చింది, పోయింది. నేను చెప్పలేదు.

నాలుగు గంటలకి విశాఖలో దిగాం. బస్సు కాంప్లెక్సుకి దగ్గర్లో ఒక మామూలు లాడ్జిలో గది తీసుకున్నాం. మంచాలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఇస్తారు. సాయంత్రం సామాను సర్దుకున్నాం. రాళ్ళ మీదకి వెళ్ళేవారు చెప్పులు వేసుకోవద్దు. జారని అడుగున్న గట్టి బూట్లు, అరచేతులకి గ్లౌజులు కావాలి. ఆ రాళ్ళ అంచులు గాజు పెంకుల్లా ఉంటాయి. ఎనిమిదికి భోజనం చేసి పడుకున్నాం. మాస్టారు పడుకునే ముందు మణికట్టుని అటూ ఇటూ తిప్పి చూసుకోవడం చూశాను.

శనివారం ఆరున్నరకి భీమిలి వెళ్ళే సిటీ బస్సెక్కాం. సముద్రం పక్కనే రోడ్డు, కుడివైపు సీట్లో కూర్చోండి. ఏడుంబావుకి పేట దగ్గర దిగాం. రోడ్డు మీద బండి దగ్గర ఇడ్లీ, అల్లం పచ్చడి తిన్నాం. మాస్టారు రెండే తిన్నారు.

ఇసకలోకి దిగగానే, ఒడ్డుకి లాగిన పడవ నీడలో వల బాగుచేస్తూ, అప్పుడు నన్ను దింపిన పెద్దాయన కనిపించారు. నూకయ్య గారు. అరవై ఐదు పైబడ్డ మనిషి, బక్కగా ఉంటారు. మాస్టారిని చూడగానే లేచారు; ఆయన్ని తెప్ప మీద తీసుకొచ్చిందీ ఈయనే.

“మేస్టారా? సెయ్యి అతుక్కుందేటి?”

“అతుక్కుంది నూకయ్యా. మీ దయ.”

“నా దయేటి, గంగమ్మ దయ.” అప్పుడు నా వైపు చూశారు. కాసేపు ఆనవాలు పట్టి నవ్వారు. “ఈ బాబు కూడానా? బాగుంది. అప్పుడు పిలిస్తే సెయ్యి ఊపినాడు. సొక్కా పట్టుకుని లాగితే గానీ దిగనేదు. గుండీలు రెండు నా సేతికొచ్చీసినాయి.”

మాస్టారు నా వైపు తిరిగారు. “ఎప్పుడండీ?”

“వ్యాసం రాసిన రోజు” అన్నాను. “నేను గమనించి దిగానని రాసింది అబద్ధమండి. ఈయన దింపారు. రైల్లో చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను.”

ఆయన గొట్టం భుజాన వేసుకుని ఇసకలో ఉత్తరం వైపు నడిచారు. బస్సు రోడ్డుకి ఎక్కే మెట్లు అటే ఉన్నాయి. వెళ్ళిపోతున్నారనుకున్నాను. వెంట వెళ్ళే ముఖం నాకు లేదు. నూకయ్య గారు తప్పు మాట ఏదో అన్నానా అన్నట్టు చూసి, “మీరేటి సెప్పనేదా బాబూ?” అన్నారు. చెప్పలేదన్నాను. “సొక్కా సంగతి సెప్పడానికి సిగ్గు, అబద్దం రాయడానికి సిగ్గు నేదేటి” అని మళ్ళీ వల మీదకి వంగారు. నేను పక్కన కూర్చుని వల అంచు పట్టుకున్నాను.

మాస్టారు మెట్లు ఎక్కలేదు. మెట్ల కింద ఒక దుంగ మీద కూర్చున్నారు. సముద్రం వైపు చూస్తూ అరగంట కూర్చున్నారు. ఆ అరగంటలో నీరు రాయికీ ఒడ్డుకీ మధ్య దారి ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు నల్లటి చిన్న రాళ్ళ తలలు తేలాయి, తర్వాత వాటి మధ్య ఇసక.

ఎనిమిదింబావుకి ఆయన తిరిగొచ్చారు.

“ఆ ఒక్క మాట రాసి ఉంటే, సూరిబాబు గారూ, నేను పేటలోకి వెళ్ళి ఎవర్నైనా అడిగి ఎక్కేవాణ్ణి. ఒడ్డున అడగడానికి మనిషి ఉంటాడని నాకు తోచలేదు. మీ వ్యాసంలో ఆ రాయి దగ్గర మీరు తప్ప ఎవరూ లేరు.”

“అవునండి.”

“అప్పుడు మిమ్మల్ని నమ్మి ఎక్కాను. ఇవాళ ఈయన్ని నమ్మి ఎక్కుతాను. మీరు నా వెనక రండి.”

నూకయ్య గారు వల పక్కన పెట్టి ముందు నడిచారు. చీలమండల లోతు నీరు కూడా లేదు. రాయి దగ్గర ఆగి, అప్పుడప్పుడే నీటిలోంచి తేలుతున్న ఒక పచ్చటి గీత చూపించారు. పాచి పట్టిన గీత. దాని కింద గుల్లలు.

“ఇది సూసుకోండి. నీరు కిందికి పోతంది ఇప్పుడు. మల్లీ ఎనక్కొచ్చి ఈ గీత తడిపితే, సేప గాలాన ఉన్నా సరే, తెంపుకుని దిగిపోవాల.”

“టైమెంత అవుతుందంటారు అప్పటికి?” మాస్టారు అడిగారు.

“టైము నాకేటి తెలుసు మేస్టారు. గీత తడిస్తే.”

మాస్టారు మొదటి అడుగు వేసి ఆగిపోయారు. గ్లౌజు తొడిగిన చెయ్యి రాతి మీద ఉంది, కాలు పైకి లేవడం లేదు. కింద ఏదో గోతిలోకి నీరు వెళ్ళి బయటికి వస్తున్న చప్పుడు. నేను వెనక నిలబడి ఆయన మోచెయ్యి పట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నూకయ్య గారు పైనుంచి చెయ్యి చాచలేదు. అప్పటికే రాయి ఎక్కి, అంచున కూర్చుని బీడీ వెలిగించి, “నిదానం. ఈ రాయి ఎక్కడికీ ఎల్లదు” అన్నారు. అర బీడీ అయ్యేసరికి మాస్టారు పైకి ఎక్కారు.

పైన రాయి వెడల్పుగా, రెండు మంచాలంత ఉంటుంది. అటువైపు నీరు ముదురు ఆకుపచ్చగా, లోతుగా ఉంది. నేను ముందు విసరబోయి ఆగాను. మాస్టారు వేలెడు వెండిరంగు లూరు కట్టి, రాడ్డు వెనక్కి తీసుకుని విసిరారు. పాతికగజాలు కూడా పోలేదు. మణికట్టు పట్టేసింది. మొహం బిగించుకుని రెండో చేత్తో రాడ్డు మొదలు పట్టుకుని మళ్ళీ విసిరారు. అలా రెండు చేతులతో విసరడం ఆయనకి పదో సారికో పదిహేనో సారికో కుదిరింది.

నా లూర్లు రెండు రాళ్ళ సందుల్లో ఇరుక్కుని తెగిపోయాయి. చెరువు మనిషిని కదా, అడుగుదాకా మునగనిస్తాను. “మీరు సేపకి కాకుండా రాయికి మేత పెడతన్నారు” అన్నారు నూకయ్య గారు. మునగకముందే వేగంగా లాగమని చెప్పారు. ఇది రాసుకోవలసిన సంగతి: రాళ్ళ దగ్గర లూరు నీళ్ళని తాకగానే రీలు తిప్పడం మొదలుపెట్టాలి.

పది దాటాక మాస్టారి రాడ్డు వంగింది. రీలు గర్రుమంటూ దారం పోతోంది. విరిగిన చేత్తో రీలు, మంచి చేత్తో రాడ్డు. “వదిలెయ్యండి దారం, పోనివ్వండి” అన్నాను. “మీరు మాట్లాడకండి” అన్నారు. ఐదారు నిమిషాల్లో వెండిపళ్ళెంలాంటి పార చేప ఒకటి రాతి అంచుకి వచ్చింది. నూకయ్య గారు వంగి మొప్పలో వేలు పెట్టి పైకి లేపారు. కిలోన్నర ఉంటుంది. మాస్టారు దాన్ని పట్టుకుని, తిరగేసి, కడుపు మీద పసుపు చాయ చూసి, ఏడో తరగతికి చూపిస్తున్నట్టు నాకు చూపించారు.

ఆ తర్వాత గంటన్నర మా ముగ్గురికీ ఏ చింతా లేదు. గాలి చల్లగా ఉంది. నాకు ఒక చిన్న చేప తగిలి జారిపోయింది, నేనేమీ అనుకోలేదు. మాస్టారు మాత్రం ప్రతి విసురుకీ ఒకసారి గీత వైపు చూస్తున్నారు.

“సూరిబాబు గారూ, గీత తడిసింది.”

నా లూరు ఇంకా దూరంగా నీళ్ళలో ఉంది. వెనక ఏదో చేప వెంటపడుతున్నట్టు నీరు కదిలింది కూడా. ఇంకొక్కసారి అనబోయాను. మాస్టారు, నూకయ్య గారు ఇద్దరూ నన్నే చూస్తున్నారు. రీలు చుట్టేసి మొదట నేనే దిగాను. గడియారం చూడలేదు. నీరు ఇంకా చేరని ఇసక మీద నడిచి ఒడ్డుకి వచ్చాం. మాస్టారు బూట్లు విప్పి, మేజోళ్ళు నొక్కి చూసుకున్నారు. తడి లేదు. వెనక్కి తిరిగి, నీరు చుట్టుముట్టి ఆ రాయి పూర్తిగా ఒంటరి అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.

నూకయ్య గారి కోడలు ఆ చేపని ముక్కలు కోసి, పసుపూ కారం రాసి, పెనం మీద కాల్చి పెట్టింది. వేడి అన్నం, చింతపండు చారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పేటకి వెళ్ళేవారు అక్కడి పిల్లలకి పలకో పుస్తకమో తీసుకెళితే సంతోషిస్తారని మాస్టారు రాయమన్నారు.

ఒంటిగంట బస్సుకి బయలుదేరి రెండున్నరకి స్టేషనుకి చేరాం. మూడు దాటాక రైలు. సీటు దొరికింది. అనకాపల్లిలో నలభై ఏళ్ళాయన ఒకరు ఎక్కి మా పక్కన కూర్చున్నారు. సామర్లకోటలో ఎరువుల దుకాణమట. గొట్టాలు చూసి ఆసక్తిగా అడగడం మొదలుపెట్టారు. ఏ రాయి, ఏ బస్సు, ఏ లూరు. అన్నీ చెప్పాను. ఆయన ఫోనులో రాసుకుంటున్నారు.

“మంచి టైమేంటండీ? ఎన్నింటికి ఎక్కాలి?”

ఎనిమిదింబావు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వేలు ఫోను మీద సిద్ధంగా ఉంది. మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, కానీ వింటున్నారని తెలుసు.

“ఆ సంగతి నాకు తెలీదండి” అన్నాను. “ఒడ్డున పేటలో నూకయ్య గారని ఉంటారు. ఆయన లేకపోతే వల పట్టుకున్న వాళ్ళెవరైనా సరే. వాళ్ళని అడగకుండా ఎక్కొద్దు. ఎవరూ లేకపోతే ఒడ్డున కూర్చుని ఇడ్లీ తిని వచ్చెయ్యండి.”

ఆయన కొంచెం నిరుత్సాహపడ్డారు. “పొద్దుట్నుంచీ అక్కడే ఉండొచ్చారు కదండీ, మీకే తెలీదంటే ఎలా?”

“కిందటిసారి తెలుసనుకుని ఒకళ్ళ చెయ్యి విరగ్గొట్టాను.”

“అయ్యో, ఎవరిదండీ?”

మాస్టారు ఇటు తిరిగి కుడిచెయ్యి పైకెత్తి చూపించారు. సామర్లకోట ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఫోనులో రాసుకున్నదాంట్లో ఏదో చెరిపి, “ఆయన పేరు ఇంకోసారి చెప్పండి” అన్నారు.

“నూకయ్య” అన్నాం ఇద్దరం.